సుదీర్ఘ ముఖాముఖి

పదవి వల్లనో, డబ్బు వల్లనో, విద్వత్తు వల్లనో, జనాదరణ వల్లనో సమాజం మీద ప్రభావం చూపగల వ్యక్తిని పాత్రికేయుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని వర్తమాన వ్యవహారాల మీద తీరిగ్గా ప్రశ్నించి, ఆ సంభాషణను చాలావరకు ప్రశ్న–జవాబుల రూపంలోనే జనానికి అందించే పత్రికా ప్రక్రియ సుదీర్ఘ ముఖాముఖి. వాడుకలో ఇంటర్వ్యూ అన్న మాటే ఎక్కువ. విలేకరుల సమావేశంలో ఒక్కొక్కరికి ఒక్క ప్రశ్న దక్కడమే గొప్ప. నాయకుడు దాన్ని దాటవేసి పక్క విలేకరి వైపు తిరిగితే అడిగినవాడు చేయగలిగిందేమీ ఉండదు. చానెళ్ల మైకుల ముందు ఇచ్చే బైట్‌లో అసలు ప్రశ్నతోనే పని లేదు. స్టూడియో చర్చల్లో పార్టీల ప్రతినిధుల వాదులాట ముందు యాంకర్ ప్రశ్న వినపడదు. ముఖాముఖిలో మాత్రం జవాబు విన్నాక దాని మీద మరో ప్రశ్న, ఆ జవాబు మీద ఇంకో ప్రశ్న వేసే వీలుంటుంది. శాసనసభలో అనుబంధ ప్రశ్నకు ఉన్న విలువే ఇక్కడా ఉంది. అది లేనప్పుడు గంటలకొద్దీ సాగినా మిగిలేది ఉపన్యాసమే.

పుట్టుక

పత్రికలు పుట్టిన చాలా కాలానికి గానీ ఇంటర్వ్యూ పుట్టలేదు. నాయకుల మాటలు ప్రసంగాల రూపంలో, లేఖల రూపంలో అచ్చయ్యేవి తప్ప, ఒక విలేకరి వెళ్లి ప్రశ్నలడగడం, ఆ ప్రశ్నలను కూడా అచ్చువేయడం మర్యాదగా ఉండేది కాదు. మొదటి ఇంటర్వ్యూ ఏదన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. 1836లో న్యూయార్క్ హెరాల్డ్ సంపాదకుడు జేమ్స్ గోర్డన్ బెనెట్ ఒక హత్య కేసులో సాక్షిని ప్రశ్నించి ప్రచురించిన సంభాషణను కొందరు మొదటిదంటారు. ప్రభావశీలుర ఇంటర్వ్యూకు ఆద్యుడిగా ఎక్కువమంది చెప్పేది న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడు హొరేస్ గ్రీలీని. 1859 జులైలో ఆయన సాల్ట్ లేక్ సిటీలో మోర్మన్ల మతాధిపతి బ్రిగమ్ యంగ్‌ను సుమారు రెండు గంటలు ప్రశ్నించాడు. మత సిద్ధాంతాలతో మొదలుపెట్టి బానిసత్వం మీదుగా బహుభార్యత్వం దాకా వచ్చాడు. మీకు భార్యలెందరని అడిగితే పదిహేనుమందని యంగ్ తడుముకోకుండా చెప్పాడు. గ్రీలీ ఆ సంభాషణను ప్రశ్నా జవాబుగానే అచ్చువేయడం అమెరికాలో సంచలనమైంది. ఆ తర్వాత పదేళ్లలో ఈ పద్ధతి ఎంత వ్యాపించిందంటే, నేషన్ పత్రిక సంపాదకుడు గాడ్కిన్ దీన్ని రాజకీయ నాయకుడూ విలేకరీ కూడబలుక్కుని చేసే బూటకంగా ఈసడించాడు. ఆ ఈసడింపులో పస లేకపోలేదు.

బ్రిటన్‌లో ఈ ప్రక్రియను స్థిరపరిచినవాడు పాల్ మాల్ గెజిట్ సంపాదకుడు డబ్ల్యు.టి. స్టెడ్. 1884 జనవరిలో ఆయన సౌతాంప్టన్ వెళ్లి బ్రిటిష్ సైనికాధికారి జనరల్ గోర్డన్‌తో సూడాన్ సంక్షోభం గురించి మాట్లాడి, మర్నాడే ఆ సంభాషణను ప్రచురించాడు. గోర్డన్‌ను సూడాన్‌కు పంపాలని పత్రికల్లో గోల మొదలైంది. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం పది రోజుల్లోనే ఆయన్ను పంపించింది. 1885 జనవరిలో ఖార్టూమ్ పతనమైనప్పుడు గోర్డన్ హతుడయ్యాడు. ఇంటర్వ్యూకు ఉన్న శక్తీ, దాని బాధ్యతారాహిత్యమూ రెండూ మొదట్లోనే బయటపడిన సందర్భమిది.

భారతదేశంలో

స్వాతంత్ర్యోద్యమ నాయకుల్లో ఇంటర్వ్యూ విలువను అందరికన్నా బాగా గ్రహించినవాడు గాంధీ. తానే పత్రికలు నడిపిన మనిషి కాబట్టి విలేకరి అవసరం ఏమిటో ఆయనకు తెలుసు. 1931లో గుజరాత్‌లోని బోర్సద్‌లో ఫాక్స్ మూవీటోన్ బృందానికి ఇచ్చిన ఇంటర్వ్యూ, మాటలతో కూడిన చలనచిత్రంగా ఆయన మొదటిది. 1942 జూన్‌లో అమెరికన్ పాత్రికేయుడు లూయీ ఫిషర్ సేవాగ్రామ్‌లో వారం రోజులుండి రోజూ గాంధీతో మాట్లాడాడు. క్విట్ ఇండియా తీర్మానానికి ముందు గాంధీ ఆలోచన ఎటు నడుస్తోందో తెలుసుకోవడానికి ఆ సంభాషణల పుస్తకం ఇప్పటికీ పనికొస్తుంది.

నెహ్రూతో జరిగిన సంభాషణలు పుస్తకాలుగానే వచ్చాయి. టిబార్ మెండే పుస్తకం 1956లోను, బ్లిట్జ్ సంపాదకుడు ఆర్.కె. కరంజియా పుస్తకం 1960లోను వెలువడ్డాయి. రెండింటిలోనూ ప్రశ్నలు విశాలంగా, మర్యాదగా ఉంటాయి; ప్రధాని మనసును తెలుసుకోవాలన్న కుతూహలమే గానీ ఆయన చేత ఏదైనా ఒప్పించాలన్న పట్టుదల కనిపించదు. మరణానికి కొద్ది రోజుల ముందు, 1964 మేలో, ఆర్నాల్డ్ మైకేలిస్ చిత్రీకరించిన ఇంటర్వ్యూ నెహ్రూ చివరి టెలివిజన్ సంభాషణ. వీటన్నిటికీ పూర్తి భిన్నమైన స్వరం అంబేడ్కర్‌ది. 1955లో బీబీసీ రేడియో కోసం మాట్లాడుతూ గాంధీని ఆయన విమర్శించిన తీరులో ఎక్కడా మొహమాటం లేదు. చనిపోయిన జాతీయ నాయకుడి గురించి అంత నిర్మొహమాటంగా మాట్లాడిన ధ్వనిముద్రణలు మన దేశంలో బహు తక్కువ.

కెమెరా వచ్చాక

అచ్చులో జవాబు మాత్రమే కనిపించేది. టెలివిజన్‌లో జవాబుకు ముందు వచ్చే తటపటాయింపు కూడా కనిపించసాగింది. బ్రిటన్‌లో రాబిన్ డే ఈ తేడాను ముందుగా పట్టుకున్నాడు. 1957లో, సూయజ్ యుద్ధం ముగిసి ఏడాది కూడా తిరక్కముందే, కైరోలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌ను ఇజ్రాయెల్ ఉనికి గురించి సూటిగా అడిగాడు. అంతవరకు మంత్రులను అయ్యా, తమరేమైనా సెలవిస్తారా అన్న ధోరణిలో అడిగే బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ సంప్రదాయం ఆయనతో మారింది.

1959 నుంచి 1962 వరకు బీబీసీలో జాన్ ఫ్రీమన్ నడిపిన ఫేస్ టు ఫేస్ మరో దారి చూపింది. 35 కార్యక్రమాల్లోనూ కెమెరా అతిథి ముఖం మీదే ఉండేది. ఫ్రీమన్ వీపు తప్ప ప్రేక్షకుడికి దాదాపు ఏమీ కనిపించదు. యూంగ్, బెర్ట్రండ్ రస్సెల్, మార్టిన్ లూథర్ కింగ్ అక్కడ కూర్చున్నవారే. 1960లో గిల్బర్ట్ హార్డింగ్ అనే టీవీ ప్రముఖుడు మరణం గురించిన ప్రశ్నకు కన్నీళ్లు పెట్టుకున్నాడు. రెండు నెలలకే చనిపోయాడు. వ్యక్తిగత వేదనను ఎంతవరకు తవ్వవచ్చన్న చర్చ అప్పుడు మొదలై ఇప్పటికీ తేలలేదు. ఫ్రీమన్ ఆ తర్వాత 1965లో బ్రిటిష్ హైకమిషనర్‌గా ఢిల్లీ వచ్చాడు.

ఒరియానా ఫల్లాచీ

ఇటలీకి చెందిన ఒరియానా ఫల్లాచీ ఈ ప్రక్రియను పోరాటంగా మార్చింది. యుద్ధ విలేకరిగా పనిచేసిన ఫల్లాచీ అధికారంలో ఉన్నవారి మీద తనకున్న అపనమ్మకాన్ని ఎన్నడూ దాచుకోలేదు. రోజుల తరబడి చదివి సిద్ధపడి వెళ్లడం, టేప్ రికార్డర్ ముందుపెట్టి గంటలకొద్దీ కూర్చోవడం, కోపం తెప్పించడం, ఒక్కోసారి లాలించడం ఆమె పద్ధతులు. 1972 నవంబరులో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ ఆమెతో మాట్లాడుతూ తనను గుర్రమెక్కి ఒంటరిగా ఊళ్లోకి వచ్చే కౌబాయ్‌తో పోల్చుకున్నాడు. అధ్యక్షుడు నిక్సన్‌కు అది రుచించలేదు. ఫల్లాచీకి ఇచ్చిన ఇంటర్వ్యూ పత్రికలవాళ్లతో తాను జరిపిన సంభాషణల్లోకెల్లా ఘోరమైనదని కిసింజర్ తర్వాత రాసుకున్నాడు.

భారత పాఠకులకు అంతకన్నా ఆసక్తి కలిగించేది అదే ఏడాది జరిగిన మరో వ్యవహారం. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసిన కొత్తలో ఫల్లాచీ ఇందిరా గాంధీని ఇంటర్వ్యూ చేసింది. అందులో పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టో మానసిక నిలకడ మీద ఇందిర చేసిన వ్యాఖ్య కరాచీ దాకా వెళ్లింది. భుట్టో ఫల్లాచీని పిలిపించుకున్నాడు. ఇందిర తెలివితేటలు ఏపాటివో, ఆమె చదువు ఏపాటిదో తన అభిప్రాయం ఆరోజు దాచుకోకుండా చెప్పేశాడు. అది అచ్చయ్యేసరికి రెండు దేశాల మధ్య శాంతి చర్చలకు సన్నాహాలు జరుగుతున్నాయి. ఫల్లాచీ రాసిన ప్రకారం, ఇందిర చర్చలకు వెనకాడిందని తెలిసి కంగారుపడిన భుట్టో తన దౌత్యవేత్తను ఆమె వెంట తిప్పాడు. ఆ ఇంటర్వ్యూ అంతా తాను కల్పించినదేనని ప్రకటించమని ఆ పెద్దమనిషి బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. 1972 జులైలో సిమ్లా ఒప్పందం కుదిరింది కాబట్టి ఇది ముచ్చటగా చెప్పుకునే కథగా మిగిలింది. కుదరకపోయి ఉంటే రెండు దేశాలూ ఎవరిని తప్పుబట్టేవో ఊహించడం కష్టం కాదు.

1979లో ఇరాన్‌లోని కోమ్ నగరంలో ఖొమేనీ ఎదుట తలమీది చాదర్ తీసేయడం ఫల్లాచీ గురించి అందరూ చెప్పుకునే ఘట్టం. అంతగా చెప్పుకోనిది 1980లో డెంగ్ జియావోపింగ్‌తో సంభాషణ. తియనాన్‌మెన్‌లో మావో చిత్రపటాన్ని ఉంచుతారా తీసేస్తారా అన్న ప్రశ్నతో మొదలైన ఆ ఇంటర్వ్యూలో, చైనా కమ్యూనిస్టు పార్టీ మావోను ఎలా అంచనా వేయబోతోందో డెంగ్ బయటి ప్రపంచానికి ముందుగా చెప్పాడు. చారిత్రక ఆధారంగా రెండోదే విలువైనది.

ఫ్రాస్ట్, నిక్సన్

1974లో రాజీనామా చేసిన రిచర్డ్ నిక్సన్‌ను వాటర్‌గేట్ కుంభకోణం మీద ఏ న్యాయస్థానమూ విచారించలేదు. తర్వాతి అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టాడు. ఆ లోటు కొంతవరకు తీర్చింది డేవిడ్ ఫ్రాస్ట్ అనే బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత. వినోద కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న ఆయనకు ఇంత బరువైన పని చేతనవుతుందని ఎవరూ అనుకోలేదు. నిక్సన్‌కు 6 లక్షల డాలర్లు, లాభాల్లో అయిదో వంతు ఇవ్వడానికి ఫ్రాస్ట్ ఒప్పుకున్నాడు. డబ్బిచ్చి కొనే ఇంటర్వ్యూను ప్రసారం చేయబోమని అమెరికన్ నెట్‌వర్క్‌లు మొహం తిప్పుకున్నాయి. ఫ్రాస్ట్ స్వయంగా ప్రకటనలు సంపాదించి, విడివిడి స్టేషన్లకు అమ్ముకున్నాడు.

1977 మార్చి, ఏప్రిల్ నెలల్లో కాలిఫోర్నియాలోని ఒక ఇంట్లో 12 రోజుల పాటు చిత్రీకరణ జరిగింది. మొత్తం 28 గంటల 45 నిమిషాల సంభాషణ. మొదటి రోజుల్లో నిక్సన్ పాత సంగతులు చెబుతూ, జవాబులు సాగదీస్తూ కాలం గడిపేశాడు. వాటర్‌గేట్ భాగం వచ్చేసరికి పరిస్థితి మారింది. పరిశోధకుడు జేమ్స్ రెస్టన్ జూనియర్ కోర్టు కాగితాల్లో వెతికి పట్టుకున్న, అంతవరకు బయటికి రాని, నిక్సన్ సంభాషణ టేపు రాతప్రతి ఒకటి ఫ్రాస్ట్ చేతిలో ఉంది. నిక్సన్‌కు ఆ సంగతి తెలియదు. దేశ ప్రజలను నిరాశపరిచానని ఆయన చివరికి ఒప్పుకున్నాడు. అధ్యక్షుడు చేసిన పని అధ్యక్షుడు చేశాడు కాబట్టే చట్టవిరుద్ధం కాదన్న మరో జవాబు రాజ్యాంగ చర్చల్లో ఇప్పటికీ వినపడుతుంది. మే 4న ప్రసారమైన మొదటి భాగాన్ని దాదాపు నాలుగున్నర కోట్లమంది చూశారు. దీన్ని ఫ్రాస్ట్ వాక్చాతుర్యానికి నిదర్శనంగా చూపేవాళ్లున్నారు గానీ, గెలిపించింది కాగితాల్లో జరిగిన వెతుకులాట.

పద్ధతి

ముఖాముఖి కెమెరా ముందుకు రాకముందే సగం పూర్తవుతుంది. వ్యక్తి పాత ప్రసంగాలు, సభలో వేసిన ఓట్లు, ఎన్నికల అఫిడవిట్లు, కోర్టు కాగితాలు, గతంలో ఇచ్చిన ఇంటర్వ్యూలు చదవకుండా కూర్చునేవాడు అతిథి చెప్పినదానికి తలూపడం తప్ప ఏమీ చేయలేడు. ప్రశ్నల వరస కూడా ముఖ్యమే. తేలికైనవి ముందు, ఇబ్బందికరమైనవి తర్వాత అన్నది సాధారణ సూత్రం; అతిథి లేచి వెళ్లిపోయినా అప్పటికి చేతిలో కొంత సరుకు ఉంటుంది. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు, ఒకదానిలో మూడు కలిపే ప్రశ్నలు, అడిగేవాడి పాండిత్యాన్ని చాటే ప్రశ్నలు అనుభవజ్ఞులు వేయరు. జవాబు అయ్యాక రెండు క్షణాలు ఊరుకుంటే చాలామంది ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఇంకో మాట చెబుతారు. తరచుగా పనికొచ్చేది ఆ మాటే.

జవాబు రాని ప్రశ్నను మళ్లీ అడగడానికి ప్రసిద్ధ ఉదాహరణ 1997 మేలో బీబీసీ న్యూస్‌నైట్‌లో జరిగింది. జైళ్ల శాఖ అధిపతి నిర్ణయాన్ని తోసిపుచ్చుతానని బెదిరించారా అన్న ఒకే ప్రశ్నను మాజీ హోంమంత్రి మైకేల్ హోవర్డ్‌ను జెరిమీ పాక్స్‌మన్ సుమారు డజను సార్లు అడిగాడు. తర్వాత ప్రసారం కావలసిన అంశం సిద్ధం కాకపోవడంతో కాలక్షేపానికి అలా చేయాల్సి వచ్చిందని పాక్స్‌మన్ తర్వాత చెప్పాడు. దానికి విరుద్ధమైన ఉదాహరణ 2019 నవంబరులో ఎమిలీ మైట్‌లిస్ ప్రిన్స్ ఆండ్రూతో చేసిన ఇంటర్వ్యూ. ఆమె గొంతు పెంచలేదు, అడ్డుపడలేదు. ఆయన చెప్పుకుంటూ పోతుంటే చెప్పనిచ్చింది. ప్రసారమైన నాలుగు రోజులకు ఆయన రాచరిక బాధ్యతల నుంచి తప్పుకున్నాడు.

ఒప్పందాలు, నియమాలు

ప్రశ్నలు ముందే పంపాలా, ఏ అంశాలు వదిలేయాలి, ఏది ఆఫ్ ది రికార్డ్, అచ్చుకు ముందు అతిథికి చూపాలా అన్న షరతులు ప్రేక్షకుడికి కనిపించవు గానీ ఫలితాన్ని నిర్ణయించేవి అవే. జర్మనీలో ఇంటర్వ్యూ పాఠాన్ని అతిథికి చూపించి అనుమతి తీసుకునే ఆనవాయితీ ఉంది. డేర్ స్పీగల్ పత్రిక 1966లో తత్వవేత్త హైడెగర్‌తో నాజీల కాలం గురించి మాట్లాడి, ఆయన షరతు ప్రకారం 1976లో ఆయన మరణించిన తర్వాతే ప్రచురించింది. అమెరికన్, బ్రిటిష్ సంపాదకులు ఇలాంటి అనుమతిని సాధారణంగా ఒప్పుకోరు.

అతిథి మాటను మార్చి రాయడం మీద ముఖ్యమైన తీర్పు 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చింది. రచయిత్రి జానెట్ మాల్కమ్ మీద జెఫ్రీ మాసన్ వేసిన దావాలో, ఉటంకింపులోని పదాలు మారినంత మాత్రాన తప్పు కాదని, అర్థం గణనీయంగా మారితేనే పరువు నష్టానికి ఆస్కారమని కోర్టు తేల్చింది. మాట్లాడే భాష వ్యాకరణబద్ధంగా ఉండదు కాబట్టి సంపాదకుడి కత్తెర తప్పదు, ఎంతవరకన్నదే తగాదా. అంతకన్నా తీవ్రమైనది ఇంటర్వ్యూ సంపాదించడానికి అడ్డదారి తొక్కడం. 1995లో యువరాణి డయానాతో ఇంటర్వ్యూ కోసం మార్టిన్ బషీర్ నకిలీ బ్యాంకు పత్రాలు చూపించి మోసగించాడని 2021లో లార్డ్ డైసన్ విచారణ తేల్చింది. బీబీసీ క్షమాపణ చెప్పింది.

మన దేశంలో ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల ప్రకారం, న్యాయపరమైన రక్షణ వంటి బలమైన కారణం ఉంటే తప్ప ఎదుటివారికి తెలియకుండా సంభాషణను రికార్డు చేయకూడదు. ఎన్నికల వేళ ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. పోలింగ్ ముగింపుకు ముందు 48 గంటల్లో ఎన్నికల ప్రచార సామగ్రిని టీవీలో చూపడాన్ని అది నిషేధిస్తుంది. 2017 డిసెంబరులో గుజరాత్ రెండో విడత పోలింగ్ ముందు టీవీ ఇంటర్వ్యూలు ఇచ్చినందుకు రాహుల్ గాంధీకి ఎన్నికల సంఘం నోటీసిచ్చి, తర్వాత ఉపసంహరించుకుంది.

చానెళ్ల కాలం

భారతీయ టెలివిజన్‌లో రాజకీయ ముఖాముఖికి జనాదరణ తెచ్చింది 1993లో జీ టీవీలో రజత్ శర్మ మొదలుపెట్టిన ఆప్ కీ అదాలత్. అతిథిని బోనులో నిలబెట్టి అభియోగాలు చదివే నాటకీయత దానిది. నవ్వులు, చప్పట్ల మధ్య అభియోగాల పదును తగ్గిపోయేది; నాయకులు ఉత్సాహంగా రావడానికి అదీ ఒక కారణం. పదును తగ్గించని పద్ధతి కరణ్ థాపర్‌ది. 2004లో బీబీసీ హార్డ్‌టాక్ ఇండియాలో ఆయన ప్రశ్నలకు జయలలిత విసిగిపోయి, మాట్లాడటం సంతోషంగా అనిపించలేదని మొహం మీదే చెప్పి మైకు తీసేశారు. 2007 అక్టోబరులో గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న నరేంద్ర మోదీ, 2002 అల్లర్ల ప్రశ్న రాగానే మంచినీళ్లు తాగి మూడు నిమిషాల్లో ముగించారు. సాగని ఇంటర్వ్యూలే ఎక్కువ గుర్తుండిపోవడం ఈ ప్రక్రియలోని వింత. అతిథి లేవకుండా చివరిదాకా కూర్చుని నష్టపోయిన సందర్భం 2014 జనవరిలో అర్ణబ్ గోస్వామికి రాహుల్ గాంధీ ఇచ్చిన ఇంటర్వ్యూ. అడిగిన ప్రశ్న ఏదైనా జవాబు మహిళా సాధికారత, వ్యవస్థ మార్పు దగ్గరికే చేరడం దేశమంతా గమనించింది.

తెలుగులో

తెలుగునాట ఇంటర్వ్యూ చాలాకాలం సాహిత్యం, సినిమా చుట్టూనే తిరిగింది. ఆకాశవాణి, దూరదర్శన్ ప్రభుత్వ సంస్థలు కావడంతో పండితులు, కళాకారుల సంభాషణలు శ్రద్ధగా రికార్డయ్యాయి గానీ అధికారంలో ఉన్నవారిని నిలదీసే అలవాటు అక్కడ ఏర్పడలేదు. 2003–04 ప్రాంతంలో వార్తా చానెళ్లు మొదలయ్యాక రాజకీయ ముఖాముఖి వారం వారం కార్యక్రమంగా స్థిరపడింది.

వాటిలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది ఏబీఎన్ ఆంధ్రజ్యోతిలో సంస్థ అధిపతి వేమూరి రాధాకృష్ణ నిర్వహించే ఓపెన్ హార్ట్ విత్ ఆర్కే. విలేకరిగా మొదలై పత్రిక యజమాని అయిన రాధాకృష్ణకు అతిథుల్లో చాలామందితో పాత పరిచయం ఉంటుంది. సంభాషణ అరుగు మీద కూర్చుని చెప్పుకునే కబుర్లలా సాగుతుంది. ఆ చనువులోనే కులం, డబ్బు, కుటుంబ కలహాలు, పదవీ బేరాల గురించి మరెవరూ అడగని ప్రశ్నలు దొర్లుతాయి. ఉద్యోగి అయిన పాత్రికేయుడు ఇంత స్వేచ్ఛగా అడగలేడు. అదే సమయంలో యజమానికి రాజకీయ అభిప్రాయాలు, ప్రయోజనాలు ఉంటాయని ప్రేక్షకుడికి తెలుసు. ఈ ఇబ్బంది ఒక్క చానెల్‌ది కాదు. సాక్షి మీడియా సంస్థను స్థాపించింది రాజకీయ నాయకుడు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డే. ఎవరు ఏ చానెల్‌కు ఇంటర్వ్యూ ఇచ్చారన్నదాన్ని బట్టే జవాబులు ఎలా ఉంటాయో తెలుగు ప్రేక్షకుడు ముందే అంచనా వేసుకుంటాడు.

2022 అక్టోబరులో ఆహా ఓటీటీ వేదిక మీద నందమూరి బాలకృష్ణ నిర్వహించిన అన్‌స్టాపబుల్ రెండో విడత తొలి భాగానికి తెలుగుదేశం అధినేత చంద్రబాబు నాయుడు అతిథి. 1995 ఆగస్టులో ఎన్టీఆర్‌ను ముఖ్యమంత్రి పదవి నుంచి దించిన ఘటన ప్రస్తావనకు వచ్చింది. అడిగినవాడు ఎన్టీఆర్ కొడుకు, అతిథికి బావమరిది, వియ్యంకుడు, అదే పార్టీ శాసనసభ్యుడు. ఆంధ్ర రాజకీయాల్లో ముఖ్యమైన మలుపు గురించి ప్రధాన పాత్రధారి చెప్పిన కథనంగా దానికి విలువ ఉంది. ఆ తిరుగుబాటు శాసనసభ్యులు బస చేసిన వైస్రాయ్ హోటల్ రోజుల్లో అవతలి పక్షాన నిలిచినవారి తరఫున అనుబంధ ప్రశ్న వేసే అవకాశం మాత్రం ఆ ఏర్పాటులోనే లేదు.

పాడ్‌కాస్ట్‌లు

2020ల నాటికి నిడివి కొరత తీరిపోయింది. 2024 అక్టోబరులో జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో డొనాల్డ్ ట్రంప్ దాదాపు మూడు గంటలు మాట్లాడాడు. ప్రధాని మోదీ 2025 జనవరిలో వ్యాపారవేత్త నిఖిల్ కామత్‌తోను, మార్చిలో లెక్స్ ఫ్రిడ్‌మన్‌తోను సుదీర్ఘంగా సంభాషించారు. ప్రశ్నలడిగిన వీరెవరూ వార్తా పాత్రికేయులు కారు. బాల్యం, విశ్వాసాలు, ఒంటరితనం, వైఫల్యాల గురించి అతిథి తీరిగ్గా మాట్లాడటానికి ఈ వేదికలు వీలిస్తాయి. టీవీలో దొరకని వివరాలు కొన్ని దొరుకుతాయి. పాత మాటకూ కొత్త మాటకూ పొంతన లేదని ఎత్తిచూపడం ఇక్కడ అరుదు. అందుకే ఎన్నికల వేళ నాయకులు విలేకరుల సమావేశాలు మానేసి ఇటు వస్తున్నారన్న విమర్శ అనేక దేశాల్లో ఉంది.

2025 జనవరిలో ఫ్రిడ్‌మన్ యుక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీతో చేసిన సంభాషణను కృత్రిమ మేధతో డబ్ చేసి ఇంగ్లీషు, యుక్రేనియన్, రష్యన్ భాషల్లో విడుదల చేశాడు. వక్త గొంతుతోనే, వక్త పలకని భాషలో జవాబులు వినిపించాయి. అనువాదంలో ఒక మాట తేడా వస్తే అది నాయకుడు అన్నదిగానే చలామణి అవుతుంది కాబట్టి, మూల సంభాషణ ఆడియో ట్రాక్‌ను కూడా పక్కనే అందుబాటులో ఉంచారు.